ఉత్తరాల దారి

మార్చి ఆఖరి ఆదివారం.
పొద్దున కురిసిన వడగళ్లు
గేటు పక్క బెంచీ మీద ఇంకా కరగలేదు.
డబ్బాలో రెండు పౌండ్లు వేస్తే తోట చూడనిస్తారు,
మూడోది వేస్తే టీ.

మోర్విత్‌కి ఎనభై ఒకటి.
ముప్పై నాలుగేళ్లు ఈ వేల్స్ లోయలో టపా మోసింది.
పూలు ఆమెకు ఇంటి నంబర్లతో సహా గుర్తు.
"ఈ క్రోకస్ చర్చి పక్కింటిది.
ఇది పళ్ల డాక్టరు భార్యది, పిలవకుండానే గోడ దాటొచ్చింది,"
అంటూ చేతికర్రతో చూపిస్తుంది,
వేలెత్తి చూపితే నొచ్చుకుంటాయన్నట్టు.

తోటలో అందరూ బుద్ధిమంతులే.
ట్యులిప్‌లు వరస తప్పవు,
విచ్చుకోవడానికి ఎవరో విజిల్ వేయాలి.
మాగ్నోలియా ఒక్కటే
ఆకు రాకముందే తొందరపడి పూసేసి,
రాత్రి మంచుకు అంచులు కమిలి,
పెళ్లి రేపనగా ఇవాళే ముస్తాబైన పిల్లలా
ఎటు చూడాలో తెలియక నిలబడి ఉంది.

యజమాని ఎల్విన్ గారు
ప్రతి మొక్క మొదట్లో లాటిన్ పేరు రాసి గుచ్చారు.
మోర్విత్ ఒక్కటీ చదవదు.
"పిలిస్తే పలకనిదానికి చీటీ దేనికి?"

వెనక గోడకు చిన్న తలుపు.
వంగి దాటితే అడవి.

ఇక్కడ ఎవరినీ ఎవరూ నాటలేదు.
తడి ఆకులు కుళ్లిన వాసన, దాని మీద
ఎవరో ఇప్పుడే తాలింపు వేసినట్టు
అడవి వెల్లుల్లి.
నాకు ఉన్నట్టుండి ఆకలేసింది.

బీచ్ చెట్లు ఇంకా చలికాలం లెక్కలు తేల్చుకోలేదు,
కొమ్మల మీద ఆకు లేదు.
ఆ సందు చూసుకునే కిందివాళ్లంతా
గబగబా తమ పని కానిచ్చుకుంటున్నారు.
పైవాళ్లు గొడుగులు విప్పేలోగా
దొరికినంత ఎండ.

తెల్లటి అనిమోనీలు మబ్బు పట్టగానే ముడుచుకున్నాయి.
మేం రొట్టె తిని చేతులు దులుపుకునేసరికి
ఒకటి మాత్రం కొంచెం తెరిచి చూసింది.
ప్రిమ్‌రోజ్‌ది పసుపు అనడానికి మనసొప్పదు,
వెన్న కరగబోయే ముందరి రంగు.
నీలిగంటలు పూయలేదు. ఆకులే.
"ఇంకో నాలుగు వారాలు. అప్పుడు ఊరంతా కెమెరాలతో దిగుతుంది.
నాకు ఇప్పుడే బాగుంటుంది," అంది.

వాగు దాటాక దారి లేదు.
ఆమె ఆగలేదు.
ముళ్లపొదను కర్రతో పక్కకు నొక్కి, "ఇలా రా."

అక్కడ డాఫోడిల్స్.
చెల్లాచెదురుగా కాదు, రెండు వరసలు,
మధ్యలో ఒక మనిషి నడిచేంత ఎడం వదిలి,
మెల్లగా మలుపు తిరిగి, గుట్ట ఎక్కి,
నాచు పట్టిన నాలుగు రాళ్ల దగ్గర
ఆగిపోయాయి.

ఇల్లు లేదు.
కప్పు పలకలు ఎవరో పట్టుకుపోయారు,
గోడలు గొర్రెల దొడ్డికి అరువు వెళ్లాయి.
పొయ్యి ఉన్నచోట ఒక యాష్ చెట్టు,
నా నడుమంత లావు.

"టెగ్‌వెన్ ఉండేది ఇక్కడ.
నెలకో ఉత్తరం, పటగోనియా నుంచి తమ్ముడు.
చూపు పోయింది కదా, నేనే చదివేదాన్ని,
బూట్లు విప్పకుండా గడపలో నిలబడి.
ఒక ఏడు ఉత్తరాలు రాలేదు."
కాసేపు ఊరుకుంది.
"పాతవే చదివాను. తేదీ మార్చి."

ఆమెకు తెలుసా, అన్నాను.

"అడగలేదు.
ఆ ఆకురాలు కాలంలోనే ఈ దుంపలు పాతింది,
నేల మీద తాడు పరిచి,
తాడు తడుముకుంటూ, మోకాళ్ల మీద.
మసక పొద్దుల్లో నాకు తోవ కనపడాలట."

ఇద్దరిలో చూపున్నది ఎవరికో
నేను తేల్చుకునేలోగా
ఆమె వరసల మధ్యకు దిగింది.
పైకి వెళ్లి, రాళ్ల ముందు ఆగి,
బూట్లు గడ్డికి రుద్దింది.
తలుపు లేదు, గడప లేదు.
గడపకు పూసిన పసుపు మాత్రం
ఏటేటా ఆరకుండా ఉంది.

"నాలుగింటికి టీ ఆపేస్తారు," అంటూ
వచ్చిన తోవనే దిగింది, ఒక్క పువ్వూ తొక్కకుండా.

నేను వరసలకు బయటగా,
ముళ్లలోంచే నడిచాను.
నా చేతిలో ఉత్తరం లేదు కదా.