అదృష్టముంటే

హేమాద్రి రాసిచ్చిన చీటీ జేబులో మెత్తబడింది.
తలకోన నీళ్లకి టిక్కు పెట్టేశాను
(మోకాళ్లు ఇంకా క్షమించలేదు).
చంద్రగిరి కోట, టిక్కు.
కాళహస్తిలో కలంకారీ దుప్పటి ఒకటి.
పాలూ కరక్కాయా కలిసిన దాని వాసన
సంచి తెరిచినప్పుడల్లా
ఎవరో వంటింట్లోంచి పిలిచినట్టు.
చీటీ చివర, ఎర్ర సిరాతో:
"పలమనేరు. మట్టిబొమ్మలు. అదృష్టముంటే ఏనుగు."

బస్సు దింపిన చోట అదృష్టం జాడ లేదు.
దుమ్ము, టమాటా పెట్టెల లారీ,
రోడ్డు వారన ఎండకి ఆరుతున్న
నలభై మట్టి ఏనుగులు,
అన్నీ అడవికి వీపు చూపిస్తూ.

చెంగమ్మ చేట ముందేసుకుని
నానిన అనపగింజలు పితుకుతోంది.
రెండు వేళ్లతో ఒక్క నొక్కు.
తోలు వేళ్లలో ఉండిపోతుంది,
పప్పు చేటలోకి దూకుతుంది
పచ్చగా, పిల్లకప్పలా.

ఏనుగునొకదాన్ని ఎత్తి బేరం మొదలెట్టాను.
"ఇంత తేలిగ్గా ఉందే, లోపలేమీ లేదే!"
ఆమె తలెత్తలేదు.
"కడుపు బోలుగా ఉంటేనే సామీ ఆవంలో నిలిచేది.
నిండుగా చేస్తే పగిలిపోతాది.
నిండు కడుపుది కావాలంటే
రేత్రికి మా చేనుకాడికి రా."

మొన్న రేత్రి వచ్చిందట.
మునిచిన్నప్ప మంచె మీంచి డబ్బా కొట్టాడు,
టపాసు కాల్చాడు,
ఆఖరికి దండం పెట్టాడు.
సగం తినింది, సగం తొక్కింది,
గట్టు పక్క నాలుగు సాళ్లు మర్చిపోయింది.
"ఆ మర్చిపోయినవే ఇవి."
చేట నా వైపు జరిపింది.
"ఊరికే కూచుంటే ఎట్లా, పితుకు."

మొదటి పప్పు నా కళ్లజోడుకి తగిలింది.
రెండోది కోడికి దక్కింది.
ఇరవయ్యోదానికి గానీ చేట నన్ను నమ్మలేదు.

మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద,
ముద్దలో గుంట, గుంటలో నెయ్యి,
చుట్టూ పితికిపప్పు పులుసు.
"సంగటిని నమలొద్దప్పా, మింగాల."
మింగాను. వెచ్చగా అది దిగుతుంటే
కొండ అవతల ఇదే చేను
ఇంకో కడుపులో అరుగుతోందని గుర్తొచ్చింది.
ఒకే పంక్తిలో కూర్చున్నాం మేం.
అది ముందు లేచింది, అంతే.

అన్నానికి డబ్బులిస్తే తీసుకోలేదు.
ఏనుగు మీద మాత్రం
ఒక్క రూపాయి తగ్గలేదు.

నాలుగున్నర బస్సు.
మొగిలి ఘాట్ మలుపులో
ఒళ్లో కాగితం పొట్లం ఎగిరిపడి
తొండం విరిగింది.
విరిగిన చోట కన్నం, కన్నంలో చీకటి.
నిజంగానే లోపలేమీ లేదు.

చీటీ తీశాను. పెన్ను మూత తీశాను.
బొటనవేలి గోటికింద
అనపతోలు ముక్క, ఇంకా పచ్చగా.
కిటికీలో కొండలు నల్లబడుతున్నాయి.
మునిచిన్నప్ప ఈపాటికి
డబ్బా చంకన పెట్టుకుని మంచె ఎక్కుతుంటాడు.

అదృష్టముంటే
ఇవాళ ఏనుగు రాదు.