పుర్రచేతి గీతలు

మట్టెవాడలో వెండి కొట్టు.
వైకుంఠాచారి నాణెం చేతికిచ్చే ముందు
ట్యూబులైటు ఆర్పేస్తడు.
"గది అందరినీ ఒక్కతీరు సూపెడ్తది బిడ్డా,
గుండు బల్బెయ్యి.
ఎలుగు ఒక్క దిక్కుకెంచే రావాలె."

అంచులు పట్టుకోవాలె, మొఖం ముట్టద్దు.
మెల్లగ వంచాలె.
తోమని రూపాయి మీద వెలుగు
బండిచక్రం ఆకుల లెక్క తిరుగుతది.
తోమినదాని మీద పడ్డకాన్నే పడి ఉంటది,
పెండ్లి ఫోటోల పౌడరు లెక్క.

మొదటి నెలంతా తప్పే చెప్పిన.
మెరిసేది మంచిదన్న,
నల్లదాన్ని పక్కకు నూకిన.
ఆయన ఏమనలే. చాయ్ ఊదుకుంట
నల్లదాన్నే మళ్ల నా ముందుకు జరిపిండు.
"నూరేండ్లు గాలి తాగితే వచ్చిన రంగిది.
సింతపండు అరగంటల తాగేస్తది."

చార్మినార్ కమానులో, ఉర్దూ అక్షరం సందుల్లో
మురికి నల్లగుండి
చుట్టూ మైదానం తెల్లగుంటే, తోమిండ్రు.
అంతటా నెమలిరంగు తేలితే
గంధకం పొగ పెట్టిండ్రు, వాళ్లు ఇంకా పెద్ద దొంగలు.
"వాసన సూడు. నాలుకకు పెట్టకు."
పెట్టిన. సబ్బు.

వానకాలం ఒకనాడు
మా మేనత్త కొంరవ్వ పేరులోని రూపాయి తీస్కపోయిన.
పరకాల నుంచి బస్సుల, రుమాలు ముడిలో.
కొక్కెం ఊడబీకిన మచ్చ నెత్తి మీద ఇంకా ఉన్నది.
బల్బు కింద వంచిన.
వెలుగు తిరగలే.
ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసింది.

భూతద్దంలో గీతలు, వెంట్రుక కన్నా సన్నం.
"ఏ దిక్కుకు లేచినయో సూడు" అన్నడు.
మచ్చను పైకి పెట్టి చూసిన.
అందరి గీతలు కుడికి లేస్తయి,
ఇవన్నీ ఎడమకు.
"తోమినామెది పుర్రచెయ్యి,"
కొంరవ్వను ఎన్నడూ చూడనాయన అన్నడు.

ఆ చేత్తో ఎవరూ అన్నం వడ్డించనియ్యకపోయేది.
బొట్టు పెట్టనియ్యకపోయేది.
సద్దుల బతుకమ్మ ముందటి రోజు
జాలాట్ల కూసోని, బూడిద, కొబ్బరి పీచు,
ఒక్కో రూపాయి, ఒక్కో రూపాయి.
ఆ పనికి మాత్రం ఎవ్వరూ అడ్డం రాలే.

ధర అడిగిన.
"తూకానికి ఎంతొస్తే అంతే.
సేకరించెటోళ్లు ముట్టరు."

లేచి ట్యూబులైటు వేసిండు.
గీతలు మాయం.
రూపాయి కొత్తదాని లెక్క మెరిసింది.
"బల్బే ఉండనీ తాతా" అన్న,
"ఇంకో జరసేపు."