ధర చీటీలు

మోకాలు విరిగిన చలికాలం అది.
కుతయిసిలో, రియోని నది ఒడ్డున, మూడో అంతస్తు.
మెట్లు దిగలేను కనక
మంచం కిందికి దిగాను.

అక్కడ నలభై ఏళ్లు చుట్టలు చుట్టుకుని పడుకుని ఉన్నాయి.
బొమ్మల నాటకశాలకి పగలంతా తెరలు వేసి
రాత్రి ఇంటికొచ్చి నాకోసమని మొదలుపెట్టి
నావల్లే ఆగిపోయినవి.
సగం ద్రాక్షతోట.
మూడు కాళ్ల గుర్రం.
పెళ్లివిందు బల్ల: పళ్లేలున్నాయి, రొట్టెలున్నాయి,
ఒక్క అతిథీ రాలేదు.
ఎలుకలు కూడా ముట్టుకోలేదు వీటిని.
వాటికీ ఒక అభిరుచి ఉంటుంది మరి.

మందుల పెట్టె అట్టకి
అగ్గిపెట్టెంత కిటికీ కోశాను.
దాన్ని బొమ్మల మీద పెట్టి మెల్లగా జరుపుతూ పోయాను
బియ్యంలో రాళ్లు ఏరినట్టు,
కాదు, రాళ్లలో బియ్యం ఏరినట్టు.

గుర్రం మొత్తం అబద్ధం.
కాని చెవి వెనక రెండంగుళాల ఎండ ఉంది,
ఇది వేసింది నేనేనా అనిపించేంత నిజం.
ద్రాక్షతోట మూలన,
కుంచె తుడుచుకున్న చోట,
పిలిస్తే రాని ఆకుపచ్చ
పిలవకుండా వచ్చి కూర్చునుంది.

కత్తెర పెట్టడానికి ఒక పూట పట్టింది.
మొదటి కోతకి గుడ్డ కెవ్వుమంది.
పదో కోతకి ఊరుకుంది.
ఊరుకున్నది నేనేనేమో.

పై ఇంటి ఓతియా, పదకొండేళ్లవాడు,
బడి ఎగ్గొట్టి జిగురు పట్టుకొచ్చాడు.
గుర్రం చెవి కోటుకి గుచ్చుకునే పిన్ను అయింది.
విందు బల్లని కోస్తే పద్నాలుగు,
పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకునేవి,
ఒక్కో దాని మీద ఒక్కో రొట్టె ముక్క.
ద్రాక్షతోట అగ్గిపెట్టెల్లో దూరింది:
లాగితే ఆకు, నెడితే చీకటి.
"ఇవి పూర్తయినట్టేనా?" అన్నాడు వాడు.
"సగంలో ఆగడానికి వీటిలో చోటేదిరా?" అన్నాను.

చివరికి మిగిలింది ఎతేరి. మా అక్క.
ముప్పై మూడేళ్ల కిందట
నీలం గౌను వేసుకుని కూర్చుంది.
మెడ దాకా వచ్చాను.
మెడ బాగుంది. గొలుసు ఇంకా బాగుంది.
మొహం దగ్గర తను ఏదో అంది, నేనేదో అన్నాను,
కుర్చీ వెనక్కి పడింది.
ఆ పైన అంతా తెల్ల పూత.
ఇప్పుడు బతుమిలో ఉంటుంది.
నా పుట్టినరోజుకి ఫోన్ చేస్తుంది,
అక్కడి వాన గురించి, ఇక్కడి వాన గురించి
మాట్లాడుకుని పెట్టేస్తాం.

కిటికీని ఆ తెలుపు మీద పెట్టి చూశాను.
ఎటు జరిపినా తెలుపే.
కుంచె తడిపాను.
తుడిచి, ఆరబెట్టాను.

"ధర చీటీలకి ఏం లేవు," అన్నాడు ఓతియా.

మొహాన్ని నలభై ముక్కలు చేశాం.
చిల్లులు పొడిచి దారం కట్టాం.
మెడ జోలికి మాత్రం పోలేదు.

మంచు కరిగాక
తెల్ల వంతెన మీద దుప్పటి పరిచాను,
పక్కన చేతికర్ర.
గుర్రం చెవికి వేలాడుతున్న నుదుటి మీద: ఎనిమిది.
రొట్టె ముక్కకి కట్టిన చెంప మీద: మూడు.
బేరాలాడారు. నవ్వారు. కొన్నారు.
కొన్నవాళ్లు చీటీ తెంపి
నా చేతిలో పెట్టి పోయారు.

సాయంత్రానికి బొమ్మలన్నీ పోయాయి,
మొహం తిరిగొచ్చింది, కోటు జేబు నిండా.
ఇంటికొచ్చి లెక్కపెట్టాను: ముప్పై తొమ్మిది.
ఎవరో ఒకావిడ చీటీ తెంపొద్దంది, గుర్తొచ్చింది.
కన్నో, గడ్డమో. తెల్లటివాటిలో ఎలా చెప్పడం?

ఫోన్ తీశాను.
పుట్టినరోజు ఇంకా చాలా దూరం కాబట్టి
"ఏమైంది?" అంది కంగారుగా.
"ఆ నీలం గౌను ఉందా?" అన్నాను.
అటువైపు కాసేపు సముద్రం వినిపించింది.
"ఉంది. ఇప్పుడు పట్టదు."
"పర్లేదు," అన్నాను,
"మెడ కిందంతా అయిపోయింది."