జీరో టికెట్

ఇల్లు పోను మిగిలింది
ముందట ఎనిమిదడుగులు, పక్కకు మూడడుగులు.
నాగారంల నూటిరవై గజాల ప్లాటుకు
ఇంకెంత మిగుల్తది?
అయిపోయిన టికెట్ రోలు చివర
ఎర్రగీత పడ్డ కాగితం మీద రాసుకున్న:
పద్దెనిమిది వేలు.
చిట్టీ ఎత్తిన పైసల్ల ప్రహరీ గోడ తినంగ ఉన్నయి.

ఆయన ఫోన్ల లాన్ చూపిస్తడు,
చెప్పులు ఇడిచి నడవాలనిపించేటంత పచ్చగ.
"అడుగుకు పద్దెనిమిదే రూపాయలు" అంటడు.
పరిచేదానికి సరే,
పొద్దుమాపు దానికి నీళ్ళెవరు పోస్తరు?
నేను మూడున్నరకు లేచి ఫస్ట్ బండికి డిపోకు పోత.
ఆయన నైట్ డ్యూటీ దిగి ఎనిమిదింటికొస్తడు.
ఒకలకొకలం ఆదివారం దొరుకుతం,
గడ్డికేం దొరుకుతం?

పైసల్ని మంచినీళ్ళ లెక్క ఖర్చు పెట్టిండంటరు గద,
ఆ మాటన్నోడు మా కాలనీల ఉండలే.
ఇక్కడ నల్లా రోజిడిచి రోజు.
ఏప్రిల్ల బోరు ఉత్త గాలి దగ్గుతది.
ట్యాంకరు మలుపు తిరిగిందంటే
బిందె కంటే ముందు పర్సు తియ్యాలె.

లాన్ మీద అడ్డగీత కొట్టిన.

మిల్లు కాడ అంచులిరిగిన తాండూరు బండ
సగం ధరకు ఇస్తరని మేస్త్రి కిష్టప్ప చెప్పిండు.
"అతుకుల్ల సిమెంటు పెట్టకు" అన్న,
"వాన ఎటు పోవాలె మరి?"
నా మొఖం దిక్కు అట్లనే చూసిండు,
బస్తా మిగిలిందని సంబురమో
ఈమెకు మతి లేదనో.
బండలు, ఆటో ట్రాలీ, రెండు రోజుల కూలి, నడుమ చాయ్‌లు:
పదకొండు వేల మూడొందల నలభై.
చాయ్‌లు గూడ రాసిన.
రూపాయి తేడా వస్తే రాత్రి నిద్ర పట్టని చెయ్యి ఇది.

నర్సరీల పోశెట్టి ముందుగల్ల గులాబీల కాడికి తోలుకపోయిండు,
మందు కొట్టుడు, కొమ్మ కత్తిరించుడు, పక్షానికోసారి ఎరువు...
"నెల రోజులు మర్చిపోతే బతికేటియి ఉన్నయా?" అన్న.
తల గోక్కున్నడు.
షెడ్డు ఎనకకు పోయి చూపించిండు:
గన్నేరు, నందివర్ధనం, గోడకు పాకే కాగితంపూలు.
రెండు వేల నూటయాభై. ఎర్రమట్టి ఇంకో తొమ్మిదొందలు.
కలబంద కొనలే.
ఫర్జానా ఆపా గోడ మీదికెల్లి ఇచ్చింది, పిల్లలతోటి సహా.
రణపాల ఆకు గూడ ఒకటి.
"పడేయ్, అదే చూసుకుంటది" అన్నది.
నా అసొంటిదే అనుకున్న.

గేటు పక్కన సిమెంటు బల్ల, రెండు వేల ఎనిమిదొందలు.
"కూసునే టైము లేనోళ్ళకు బల్లెందుకే?" అన్నడాయన.
జవాబియ్యలే. రాసేసిన.
మిగిలిన ఎనిమిదొందల పది ట్యాంకరుకు దాచిన.
నెలనెల ఖర్చు అన్న కాడ సున్నా పెట్టి
దాని చుట్టు ఇంకో సున్నా గీసిన, మురిపెంగ.

జూన్ల రెండో వాన పడ్డంక
మూడో బండకు నాలుగో బండకు నడుమ సందుల
రెండాకులు.
పోయిన కార్తీకంల స్లాబు పనోళ్ళు మెట్ల మీద కూసుని
సీతాఫలాలు తిని గింజలు అక్కడ్నే ఊంచిన్రు.
నేనే తిట్టిన అప్పుడు.

"పీకెయ్, రేపు బండ లేపుతది" అన్నడాయన.
అబద్ధం గాదు. పదేళ్ళకు గోడ గూడ లేపుతది.
కాగితం తీసి చూసిన. దీనికి గడి లేదు.

మా బండ్ల ఆడోళ్ళకు పైసలు తీసుకోం.
గట్లని టికెట్ కొట్టకుంట ఇడ్వం.
ఎక్కిన మనిషి లెక్కల ఉండాలె, గంతే.
అట్టడుగున, ఎర్రగీత మీద రాసిన:
సీతాఫలం, ఒకటి. సున్నా రూపాయలు.

తర్వాత గడ్డపారతోటి
నాలుగో బండను లేపి గోడకు ఆనిచ్చిన.
జరుగుండ్రి, జరుగుండ్రి, జర లోపలికి,
రోజు నోరు పొయ్యేటట్టు అరిచేదే గద.