మూఢం

మూఢం పడ్డది. రెండు నెల్లు పెండ్లిళ్లు లేవు.
గిర్మాజీపేటల మా షట్టరెనుక
ఎర్రకోట్లు కొయ్యలకు మెడలు వాల్చినయి.

యాకూబ్ మాస్టర్ బీడీల అట్టలు చింపి
నలభై వయొలిన్ల పాటను
పదకొండు మందికి పంచిండు.
తీగెల వంతు క్లార్నెట్లకు,
పిల్లనగ్రోవిది మొగిలి కార్నెట్టుకు.
"తీగెకు ఊపిరక్కర లేదు, మీకున్నది.
పీల్చేకాడ పుల్లగీత పెట్టిన, చూసుకోండ్రి."

ఇరవై రెండేండ్లు నా యుఫోనియంది భోం, భోం.
గుర్రం ముందట, జనరేటర్ పొగల,
పాట ఎవలిదో పోతాంటే
దాని కాళ్లకింది నేల నేను.

ఇయ్యాల నా అట్ట మీద ఎనిమిది గళ్లు
ఎర్రసిరాతోని:
నువ్వొక్కనివే. మెల్లగ.

మొదటి స్వరం తడిగ వచ్చింది,
గొట్టంల నిరుటి వాన ఉన్నట్టు.
మూడో గడిల పెదవి అదిరింది.
అయిదో గడిల
మాస్టర్ చెయ్యి ఊపుడు మరిచిండు.

ఎవలు ఎగురలే.
నెత్తి చుట్టు నోటు తిప్పి ఎవలు ఏయలే.
ఎదురుంగ మిర్చిబస్తాలు కుట్టే కొమురమ్మ
దబ్బనం పంటికింద పట్టుకోని అడిగింది:
"ఎవలి పెండ్లిరా, గింత నిమ్మళంగ?"

ఏం చెప్పాలె.
నీళ్లమీట నొక్కి
గొట్టంల తడి
గడప అవుతల ఒంపిన.