పదిహేడో పేజీ

బకాలాల కొన్న అరబ్బీ నోటుబుక్కు అది,
కుడిపక్క నుంచి తెరుచుకుంటది.
లింబాద్రి మన తీరుగనే రాసుకుంట పోయిండు.
అందుకే స్వర్గం
దాని ఎనుక అట్ట కాడ షురువైతది.

నాలుగో అంతస్తు పరంజ మీదికెల్లి పడి
అదాన్ ఆసుపత్రిల మూడు దినాలు
సోయి లేకుండ పన్న మనిషి
లేచినంక రాసిన ముప్పై రెండు పేజీలు.
మహబూలాల మా రూముకు పన్నెండు మంచాలు, ఒక్క కిటికీ.
చదువొచ్చినోన్ని గనుక
జుమ్మా నాడు కింది మంచం మీద కూసొని
నేనే చదివిన.

"అన్నీ తెల్లటి గోడలే" అన్నకాడ
భూమేష్ ఆపిండు.
ప్లాస్టరా, సున్నమా? మూలలు గుంజినయా?
ముప్పై ఏండ్లు తాపీ పట్టిన చెయ్యి
గాలిలనే ఆ గోడను తడిమి చూసింది.
కొలతల్లేని ముచ్చట అని పెదవి ఇరిచిండు గని
తెల్లారి బస్సుల నా పక్కన కూసొని
"సాంతం ఒక్కటే గోడనా, యాడ అతుకు లేకుండ?"
అని మెల్లగ అడిగిండు.

దేవసహాయం రాజంపేటాయన. లెక్క తప్పిందన్నడు.
"పన్నెండు గుమ్మాలుండల్ల గదా సామీ,
ఈయప్ప ఒకటే అంటాండాడే!"

యాకూబ్ భాయ్ రెండు చేతులతోని చెవులు మూసుకుండు.
"అరవై ఏండ్లు చూడకుండ నమ్మిన.
ఇప్పుడు చూసినోని మాట చెప్పి
నా నమ్మకం చెడగొట్టకున్రి."

రంజిత్ నవ్విండు.
మత్తుసూది అన్న, ఆసుపత్రి ఏసీ అన్న, అని నవ్విండు.
ఇప్పటికీ నవ్వుతడు.

సాల్మియాల ఒకరింట్ల పని చేసే సువార్తమ్మకు
ఫోన్ల నాలుగు పేజీలు చదివి పంపిన.
ఆ రాత్రి ఒంటిగంటకు, గుసగుసగా, జవాబు:
"అక్కడ గదికి లోపలి నుంచి గడియ ఉందాండి అన్నయ్యా?"
ముప్పై రెండు పేజీలు ఎతికిన.
తోటలున్నయి, ఏరు ఉన్నది,
ఎవలో పాడుతున్నరట.
గడియ మాట లేదు.
లేదని ఆమెకు ఇంకా చెప్పలే.

పదిహేడో పేజీ చదివేటప్పుడు
నడిపి రాజం ఎల్లిగడ్డలు పొట్టు తీస్తున్నడు.
"ఉంటవా, పోతవా అని అడిగిన్రు.
ఉండబుద్ధైంది.
గని బాకీ కాయితం మీద జామీను సంతకం రాజందున్నది.
రెండు లచ్చలు, మూడు రూపాల మిత్తి.
నేనీడ ఉంటె అది అతని మీద పడ్తదని
మర్లి వచ్చిన."

రాజం లేచి బయటికి పోయిండు.
నల్లా ఇప్పిన సప్పుడు. చానసేపు.
వచ్చి, తడి చేతులు లుంగీకి తుడుసుకుంట
"మల్ల చదువు" అన్నడు.
చదివిన.
"మల్ల."
గోడల సంగతి అడగలే, గుమ్మాల సంగతి అడగలే.
మూడోసారికి నా గొంతే పట్టుకున్నది.

ఒక మాట ఎవ్వలకు చెప్పలే.
బుక్కంత నీలి పెన్ను.
ఆ ఒక్క పేజీ నల్లది.
ఆసుపత్రిల పెన్ను అయిపోయిందో,
లేకుంటె రూముకొచ్చినంక
రాజం మొఖం చూసి రాసిండో.
రాజంకు చదువు రాదు.
రంగు చూసిండో లేదో నాకెర్కలేదు.

పై మంచం మీద లింబాద్రి
పట్టీల కాలు ఏలాడేసుకొని పన్నడు,
నిద్రనో, నిద్ర నటననో.
రాజం స్టూలు ఎక్కి
పంకా మూతిని అతని దిక్కు తిప్పిండు.

"గాలి ఇటు వస్తలేదు" అని
మూలకెల్లి రంజిత్ గునిసిండు.
ఎవ్వలం జవాబియ్యలే.