కింది వరస

ఆర్కాట్ రోడ్డు మీద, పవర్‌హౌస్ స్టాపుకి ఇవతల
ముప్పై ఒక్క ఏళ్లు కళ్లద్దాల కొట్లో పనిచేశాను.
నా ముందు కూర్చుని రాజులు కళ్లు చికిలించారు,
మాంత్రికులు "మసగ్గా ఉందయ్యా" అని ఒప్పుకున్నారు.
ఒక సీతకి మైనస్ మూడు,
ఒక శూర్పణఖకి మూడుంబావు.
ఇద్దరూ మా బెంచీ మీద ఆనుకుని కూచుని
ఒకే వారపత్రిక, ముక్కుకి తగిలేట్టు పట్టుకుని,
పంచుకు చదివేవాళ్లు.

పిసుపాటి గవర్రాజు గారు వచ్చిన రోజు వేరు.
తెరమీద ఆయన తలుపు తీస్తే చాలు,
నెల్లూరు నేల టిక్కెట్టులో మా నాన్న,
నవ్వితే అప్పు తీర్చాలన్నట్టు బతికిన మనిషి,
తొడ చరుచుకునేవాడు.
ఆ గవర్రాజే చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి
"ఎంతవుద్దో ముందే చెప్పు నాయనా" అన్నాడు.
మా నాన్న సంగతి చెబుదామనుకున్నాను.
"కూర్చోండి" అన్నాను.

బోర్డు మీద పై వరస: గ డ ప.
"గడప దాటాం" అన్నాడు.
దాని కింద: వ డ ల.
"వడలు! వేయించారన్నమాట, మర్యాదస్తులు."
దాని కింద: త గ వ.
"అప్పుడే తగవా? వడల దగ్గరేనా?"
కొట్టంతా ఘొల్లుమంది.
ఓనరు సుందరేశన్‌కి తెలుగు రాదు, అయినా నవ్వాడు.
కింది వరస మాత్రం
ర ణ స మ అని గబగబా అనేశాడు,
జోకు లేకుండా.
అప్పుడే అనుమానం రావాలి నాకు.

మా బోర్డుకి రెండు ముఖాలు.
రెండేళ్ల తర్వాత ఆయనొచ్చిన పూట
అరవ ముఖం ఇటుంది, తిప్పడం మరిచాను.
ఆయన కుర్చీలో సర్దుకుని
"గడప" అన్నాడు.
"వడలు" అన్నాడు. "తగవు" అన్నాడు.
కింది వరసా, పొల్లు పోకుండా.
నేను పుల్లతో అరవ అక్షరాలు ఒక్కొక్కటే చూపిస్తూ
"సరిగ్గా చెప్పారండీ" అన్నాను.
కంపెనీకి చూపించుకోవాలంటే
చీటీ మీద "చూపు బాగుంది" అని రాసిచ్చాను.
నేను రాసిన కథ అదొక్కటే.

ఆ వేసవిలో ఒక ఆదివారం, మెరీనాలో
బెలూన్లు కాల్చే గుడ్డ ముందు గుంపు.
మధ్యలో గవర్రాజు గారు, భుజాన తుపాకీ.
ఒకటి, రెండు, అయిదు, ఏడు
ఒక్క బెలూనూ పేలలేదు.
ఆయన గొట్టంలోకి తొంగి చూశాడు.
జనం పొట్టలు పట్టుకున్నారు.
బండివాడు డబ్బులొద్దని
"ఇన్నొరు తడవ సార్" అంటూ గుండ్లు నింపిచ్చాడు.
ఆయనకి నవ్వు వినపడింది.
ఎటునుంచి వస్తోందో అటు మొహం తిప్పాడు, ఒక్క క్షణం.
ఎనిమిదోది కావాలనే
సముద్రానికి గురిపెట్టాడు.
మా నీలవేణి నవ్వీ నవ్వీ
కారం మామిడి ముక్క ఇసకలో పారేసుకుంది.
నేనూ నవ్వాను.
అబద్ధమెందుకు, బాగానే నవ్వాను.

ఆయన పోయి పన్నెండేళ్లు.
అప్పుడప్పుడు అర్ధరాత్రి టీవీలో
తలుపు తీసుకుని వస్తుంటాడు.
గొళ్లెం కోసం చెయ్యి తడుముతుందే,
నాన్న తొడ చరుచుకున్నది సరిగ్గా అక్కడే.

కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షోరూము.
నాకు మిగిలిన కాలక్షేపం ఒకటి:
పన్నెండు-బి బస్సులో ఎదటివాళ్ల అద్దాలు చూసి
పవరెంతో లెక్కగట్టడం.
కండక్టరుది ప్లస్ రెండు. ఒప్పుకోడు.
చిల్లర మాత్రం చెయ్యి చాచినంత దూరంలో లెక్కపెడతాడు.

పోయిన గురువారం నా కంటికే శుక్లమన్నారు.
ఏసీ గది, గోడకి నల్లటి పలక,
శరణ్య అనే పిల్ల నా గడ్డం పట్టుకుని నిలబెట్టి
"చదవండి" అనబోతోంది.
నేను సర్దుకు కూర్చుని, గొంతు సవరించుకుని
"గడప" అన్నాను.

"తాతా," అంది,
"ఇంకా స్విచ్చే వెయ్యలేదు."